ప్యాచీ అన్నది నేనే

గుత్తిలో నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీలో, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం సాయంత్రం ఒక గంట ఇంగ్లీషు క్లాసు ఉంటుంది. ఆ పరీక్షల్లో పర్యాయపదాలు తప్పకుండా అడుగుతారు. ప్రతి ఏడూ ఒకరోజు బోర్డు మీద ‘అన్‌ఈవెన్’ అని రాసి, దాని చుట్టాలందర్నీ కింద వరసగా కూర్చోబెడతాను. రఫ్, బంపీ, జాగ్డ్, ఇర్రెగ్యులర్, ఎర్రాటిక్, అన్‌డ్యులేటింగ్, లాప్‌సైడెడ్, ప్యాచీ. సమానంగా లేనిది, ఒక తీరుగా లేనిది అని అన్నిటికీ ఒకటే అర్థం రాసుకుంటారు పిల్లలు. గైడులో అంతే ఉంటుంది. పరీక్షకు అది చాలు.

నాకు చాలదు. ఏ మాట ఎక్కడ వాడాలో చెప్పనిదే బోర్డు తుడవను. ఉదాహరణల కోసం దేశాలు తిరగనక్కర్లేదు, అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లకు ఈ మాటలన్నీ గడప దాటగానే కాళ్లకు తగులుతాయి. కళ్యాణదుర్గం నుంచి కుందుర్పికి బస్సులో పోతే నడుముకు తెలిసేది బంపీ. మా కాలేజీ కిటికీలోంచి కనబడే కోట గోడ, పళ్లు ఊడిన నోరులా ఉంటుంది కదా, అది జాగ్డ్. ఆ కొండెక్కేటప్పుడు అరచేతులు గీరుకుపోయే బండ రఫ్. వస్తానని రాని వాన, కల్లంలో వేరుశనగ కట్టె ఆరేసుకున్నప్పుడు వచ్చే వాన ఎర్రాటిక్. మా నేలను చూసి ఆఫీసర్లు కాగితం మీద రాసుకునేది అన్‌డ్యులేటింగ్. ఆ మాట వింటే ఎవరికైనా సముద్రం గుర్తుకొస్తుంది గానీ ఆ నేలను దున్నేవాడి మోకాళ్లు గుర్తుకు రావు. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు.

ప్యాచీ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఉదాహరణ చెప్పను. అక్కడక్కడా ఉండి అక్కడక్కడా లేనిది అని అర్థం చెప్పేసి ముందుకు పోతాను. పోయిన వారం ముందు బెంచీ అమ్మాయి లేచి, దీనికి ఎగ్జాంపుల్ చెప్పలేదు మేడమ్ అంది. గైడులో చూసుకో అని కసిరాను. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆ ఉదాహరణ మా నాయన చేను.

తెలుగులో ఈ తిప్పలు లేవనిపిస్తుంది నాకు. ఎగుడుదిగుడు, మిట్టపల్లాలు, హెచ్చుతగ్గులు. మన మాటలన్నీ జంటలుగా పుట్టాయి. ఎగుడు అన్నవాడు దిగుడు కూడా అనక తప్పదు, మిట్టను చెప్పి పల్లాన్ని మింగేయడానికి వీల్లేదు. ఇంగ్లీషు మాట అలా కాదు. గరుకుతనాన్ని చెప్పే మాట కూడా నాలుక మీద నున్నగా జారిపోతుంది. ఆ నునుపు చూసి ఏళ్ల తరబడి మురిసిపోయినదాన్ని. అందుకు శాస్తి జరగాల్సిందే. కాకపోతే నాకు జరగాల్సింది మా నాయనకు జరిగింది.

మా ఊరు కుందుర్పికి అవతల, కర్ణాటక హద్దుకు దగ్గర. ఐదెకరాల మెట్ట చేను మాది. ఎర్రనేల. ఒకసారి బోరు వేయిస్తే తెల్లటి రాతిదుమ్ము తప్ప ఏమీ రాలేదు. వాన పడితే వేరుశనగ, పడకపోతే అదే వేరుశనగ ఎండిపోవడం చూడటం, ఇంతే మా సేద్యం. నాయన వానను కొలిచే తీరు వేరు. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చేనికి పోయి, వంగి, మట్టిలోకి వేళ్లు గుచ్చి, తడి ఎంత లోతుకు దిగిందో చూసేవాడు. బెత్తెడు పదును, జానెడు పదును అని లెక్క. అదీ ఒకచోట కాదు, గట్టు దగ్గర ఒకసారి, మిట్ట మీద ఒకసారి, వంక పక్కన ఒకసారి. ఒకే చేనిలో నాలుగు రకాల వాన ఉంటుందని నాకు చిన్నప్పుడే చూపించాడు. మండలాఫీసులో వాన కొలిచే డబ్బా ఒకటుంది. మండలమంతటికీ ఆ డబ్బాలో పడిందే వాన. నాయన వేళ్ల లెక్క ఏ ఆఫీసు కాగితానికీ ఎక్కలేదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. మా పక్క కాయ కాలంలో చేనిలోకి ఎవరొచ్చినా ఒట్టి చేతులతో పంపరు. తెలిసినవాడా, దోవన పోయేవాడా అని చూడరు. నాలుగు చెట్లు పీకి, మట్టి దులిపి, గుప్పెడు కాయలు చేతిలో పెడతారు. మా నాయనకు అది మరీ పిచ్చి. కరెంటు తీగ సరిచేయడానికి వచ్చిన లైన్‌మన్‌కు పెట్టాడు, దారి తప్పి వచ్చిన గొర్రెల కాపరికి పెట్టాడు, తనతో గట్టు తగాదా పడి వారంరోజులు మాట్లాడని పక్క చేను మనిషి పంచెలో కూడా పోశాడు. చేనికి వచ్చి ఒట్టి చేతులతో పోయిన మనిషి లేడని చెప్పుకోవడం ఆయనకు ఉన్న ఒకే ఒక గొప్ప.

ఆ ఏడు విత్తనానికి సరిపడా పదును పడింది, చెట్టు మొలిచింది, పూత కూడా వచ్చింది. ఊడలు దిగే సమయానికి వాన మాయమైంది. పూత రాలాక కొమ్మ నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటేనే కాయ పడుతుంది. నేల గట్టిపడితే ఊడ మట్టి పైనే ఎండిపోతుంది. మా చేనిలో అదే అయింది. పైన చూస్తే చెట్టుంది, పీకితే ఏమీ లేదు. వంకకు అవతల, మండలాఫీసు ఉన్న వైపు, రెండు మంచి వానలు పడ్డాయి. డబ్బా నిండింది.

అప్పుడు కరువు చూడటానికి పైనుంచి ఒక బృందం వస్తుందని, వాళ్లు మా ఊరికి కూడా వచ్చి, బాట పక్కనున్న మా చేనే చూస్తారని తెలిసింది. ఊరి పేరు కరువు జాబితాలో ఎక్కితే మరుసటి ఏడు విత్తనం దొరుకుతుంది, పోయిన పంటకు కొంత సాయం వస్తుంది. ఎక్కకపోతే ఏదీ రాదు. నాయన ఫోనులో నాతో తేల్చి చెప్పాడు. పేరు ఎక్కితే ఇంకో ఏడు చేను చేస్తానన్నాడు. ఎక్కకపోతే విత్తనం ఎక్కడి నుంచి తెచ్చేది, బీడు పెట్టేస్తానన్నాడు. నేను పుట్టాక ఆ చేను ఒక్క ఏడు కూడా బీడు పడలేదు.

వచ్చేవాళ్లకు తెలుగు రాదు. వెనకటిసారి ఇలాగే ఎవరో వచ్చినప్పుడు వెంట వచ్చిన ఆఫీసరు వాళ్లతో ఇంగ్లీషులో ఏదేదో మాట్లాడి, ఏం చెప్పాడో మాకెవరికీ చెప్పకుండా జీపెక్కి పోయాడు. ఈసారి అలా కాకూడదని ఊళ్లో పెద్దలు అనుకున్నారు. సర్పంచి నాకు ఫోను చేసి, మన ఊరి ఆడబిడ్డ ఇంగ్లీషు లెక్చరరై ఉండగా మనకు ఇంకొకరి నోరెందుకు అన్నాడు. నేను రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. బస్సులో ఒక చిన్న నోటుబుక్కులో మాటలు రాసుకున్నాను. వానకు ఎర్రాటిక్, నేలకు అన్‌డ్యులేటింగ్, పంటకు ప్యాచీ. ఎండిపోయింది, చచ్చిపోయింది అని చెప్తే పల్లెటూరి ఏడుపులా ఉంటుందని, చదువుకున్న మాటలైతే గౌరవంగా వింటారని నా ఆలోచన. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ మాటలు నాకు ముద్దొచ్చాయి.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరు. చేనికి పోతే నాయనా అమ్మా వంగి తిరుగుతున్నారు. నాయన ఆ మూల, అమ్మ ఈ మూల. ఒక చెట్టు పీకడం, చూడటం, పారేయడం. ఇంకొకటి పీకడం. పది చెట్లకు ఒకదానికి రెండు కాయలు దొరికితే వాటిని వేళ్లతో నొక్కి చూసి, గింజ ఉంటే గట్టు మీద పెట్టిన చాటలో వేస్తున్నారు. ఎండ ఎక్కేదాకా ఐదెకరాలూ అలా తిరిగారు. చివరికి చాట నిండలేదు, అడుగు కనబడకుండా కప్పుకుంది. ఎందుకు నాయనా అంటే, వచ్చేటోళ్లకు పెట్టాల కదమ్మా అన్నాడు, నేనేదో తెలియక అడిగినట్టు.

అమ్మ వాటిని కడిగి, ఉప్పేసి ఉడకబెట్టింది. స్టీలు పళ్లెంలో పోసింది. ఏరిన కాయలు కదా, అన్నీ నిండుగా, ఒక్క తీరుగా ఉన్నాయి. చేనిలో లేని సమానత్వమంతా ఆ పళ్లెంలో ఉంది. నేను కూడా రెండు తీసుకుని తిన్నాను, తియ్యగా ఉన్నాయన్నాను. పంట పోయిందని చూపించాల్సిన రోజున ఈ పళ్లెం ఏమిటని నాకు తట్టలేదు. ఆ చేనిలో పెరిగినదాన్ని, నాకూ అది మామూలే.

మధ్యాహ్నానికి రెండు కార్లు వచ్చాయి. అందరిలోకీ పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్న మెత్తని మనిషి. ఆయన్ను చెడ్డవాడని చెప్పలేను, అదొక్కటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన చేనిలోకి దిగి, నాయనకు దండం పెట్టి, పంట ఎలా ఉందని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

నాయన చేతులు కట్టుకుని, “ఏం లేదు సార్. పోయింది. అంతా పోయింది” అన్నాడు.

నాలుగు ముక్కలు. మూడో తరగతి పిల్ల కూడా ఇంగ్లీషులోకి మార్చగల ముక్కలు. నేను పెద్దాయన వైపు తిరిగి, ద క్రాప్ స్టాండ్ ఈజ్ వెరీ ప్యాచీ, సర్ అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, మంచి మాట వాడావమ్మా, ఏం చేస్తుంటావు అని ఇంగ్లీషులోనే అడిగాడు. చెప్పాను. వెంట వచ్చిన కుర్ర ఆఫీసరు నేనన్న మాటను కాగితం మీద రాసుకోవడం చూశాను. నా మాట రాసుకున్నారు. ఆ సంతోషంలో వాన ఎర్రాటిక్ అన్నాను, నేల అన్‌డ్యులేటింగ్ అన్నాను, బస్సులో రాసుకున్నవన్నీ వరసగా అప్పజెప్పాను. ఊరివాళ్లు గట్టు మీద నిలబడి, మన పాప ఎట్ల మాట్లాడతాందో చూడండప్పా అన్నట్టు మురిసిపోతున్నారు.

అప్పుడు అమ్మ పళ్లెం తెచ్చింది. పెద్దాయన వద్దన్నాడు, నాయన వినలేదు. ఆయన ఒక కాయ ఒలిచాడు. గులాబీ రంగు గింజలు రెండు, నిండుగా. తిని, బాగున్నాయని తల ఊపి, ఇంకొకటి తీసుకున్నాడు. మిగిలినవాళ్లూ తీసుకున్నారు. ఇవి ఈ చేనివేనా అని కుర్ర ఆఫీసరు నన్ను అడిగాడు. అవును సర్, ఈ చేనివే అన్నాను. అబద్ధం కాదు.

ఐదెకరాలు పొద్దుటి నుంచి తిరిగితే దొరికినవి ఇవే అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. వాక్యం నాకు తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. కానీ తింటున్న మనిషితో, నీకు పెట్టడానికి మేమింత కష్టపడ్డామని చెప్పడం మా ఇంట్లో చేయి పట్టుకుని పళ్లెం లాగేయడమే. నాయన ముఖం చూశాను. ఆ ఏడు మొత్తంలో ఆయన అంత తృప్తిగా ఉండటం నేను చూడలేదు. మిగిలిన కాయలు కవరులో పోసి, డ్రైవరు వద్దంటున్నా వినకుండా సీటు మీద పెట్టి వచ్చాడు. నేను నోరు మూసుకున్నాను. అందులో సగం మర్యాద. మిగతా సగం, ‘మంచి మాట’ అన్న ఆ మెప్పు ఇంకా చెవిలో ఉండటం.

కొన్ని వారాలకు జాబితా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఉన్నాయి, మాది లేదు. సర్పంచి ఎక్కడో తంటాలు పడి ఆ నివేదికలో మా ఊరి గురించి ఉన్న పేజీ సంపాదించి, ఆదివారం నేను ఇంటికి వచ్చానని తెలిసి పట్టుకొచ్చాడు. వెనకాల ఇంకో నలుగురైదుగురు. అందరూ మా వసారాలో కూర్చున్నారు. నేను చదివి తెలుగులో చెప్పాలి.

మూడు వాక్యాలు. వాన అన్‌ఈవెన్, కానీ సరిపడా పడింది. క్రాప్ స్టాండ్, అంటే చేనిలో నిలిచిన పైరు, ప్యాచీ. చూసిన మేరకు కాయ నిండటం తృప్తికరంగా ఉంది. అంతే. తప్పు ఒక్కటీ లేదు. మెత్తగా, మర్యాదగా, మా ఊరిని పక్కన పెట్టేశారు. అందులో ఉన్న మంచి మాట నాది.

చదివి చెప్పాను. సర్పంచి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పోనీలేప్పా అని లేచాడు. అందరూ పోయాక నాయన అడిగాడు.

“నేను ఏం లేదని చెప్పినా కదమ్మా. నువ్వేమని చెప్పినావు?”

అక్కడక్కడా ఉంది, అక్కడక్కడా లేదు అని చెప్పానన్నాను. ఇంగ్లీషులో అలా చెప్తే మర్యాదగా ఉంటుందన్నాను. ఇంకా ఏదో అనబోయాను.

“యాడుండాది?” అన్నాడు. తరువాత, కోపం లేకుండా, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. “లేదు అనే మాట ఇంగ్లీషులో లేదామ్మా?”

ఉంది. ఒకటో తరగతిలో నేర్చుకున్నాను. నో అని రెండక్షరాలు. దానికి గైడులో పర్యాయపదాలు కూడా ఉండవు. నేను అమ్మ వైపు చూశాను. పాపనంటే ఏమొస్తాది, కాయలు పెట్టింది మనమే కదా అంది అమ్మ. నాయన ఒప్పుకోలేదు. పెట్టేది తప్పెట్ల అయితాది అన్నాడు. ఆయన లెక్కలో పళ్లెం తప్పు కాదు, మాట తప్పు. ఆ లెక్క సరైనదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటి ఏడు చేను బీడు పెట్టలేదు, కానీ పెట్టినట్టే. ఎవరెవరినో అడిగి తెచ్చుకున్న విత్తనం రెండెకరాలకు సరిపోయింది. మిగతా మూడెకరాల్లో గడ్డి మొలిచి ఎండింది. నాయన ఉపాధి పనికి పోయి, ఇతరుల చేన్లలో గుంతలు తవ్వాడు. వాన మళ్లీ మొహం చాటేసింది. మళ్లీ బృందం వస్తుందన్నారు.

ఈసారి సర్పంచి నాకు ఫోను చేయలేదు. నాయన చేశాడు. లేదు అని ఇంగ్లీషులో ఎట్ల చెప్పాలమ్మా అని అడిగాడు. నో క్రాప్, సార్ అని చెప్పాను. ఆయన ఫోనులో నాలుగైదుసార్లు అన్నాడు, నేను సరిచేశాను. నేను వస్తానులే నాయనా అంటే, నువ్వు రావద్దులేమ్మా, నీకు కాలేజీ ఉంటాది కదా అన్నాడు. బృందం వచ్చే రోజు ఆదివారమని ఆయనకూ తెలుసు.

అయినా వెళ్లాను. పొద్దున ఎవరూ వంగి తిరగలేదు. చాట ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉంది. కార్లు వచ్చే వేళకు నేను దూరంగా, ఎవరో పరాయి మనిషిలా నిలబడ్డాను. వచ్చిన ఆఫీసర్లు కొత్తవాళ్లు, డ్రైవరు మాత్రం పాతవాడే. ఎలా ఉంది పంట అని వాళ్లడిగేలోపే నాయన చేతులు కట్టుకుని, నో క్రాప్, సార్ అన్నాడు. చెట్లు పీకి చూపించాడు. ఒకటి, రెండు, మూడు. ప్రతిదానికీ అదే మాట. వాళ్లు రాసుకున్నారు.

పోయేటప్పుడు డ్రైవరు కారు తలుపు పట్టుకుని, నవ్వుతూ, పోయినేడు కాయలు భలే ఉండె పెద్దాయనా, ఈ తూరి పెట్టవా అన్నాడు. వాడికి మనసులో ఏమీ లేదు. నాయన వాడి ముఖంలోకి చూడకుండా, “నో, సార్” అన్నాడు. తెలుగువాడితో, అనంతపురం మనిషితో, కాయలడిగినవాడితో.

ఆ ఏడు మా ఊరి పేరు జాబితాలో ఎక్కింది. అందరూ సంతోషించారు, విత్తనం కూడా వచ్చింది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు, కార్లు కదిలాక జరిగింది.

అమ్మ కొంగు ముడి ఎత్తుగా ఉండటం నాయన చూశాడు. విప్పమన్నాడు. అలవాటు చావక ఆమె పొద్దున గట్టు పక్కన నాలుగు చెట్లు పీకి, దొరికిన గుప్పెడు కాయలు మూట కట్టుకుంది, ఇవ్వమంటాడో వద్దంటాడో తెలియక అలాగే నిలబడింది. నాయన ఆ కాయలు చేతిలోకి తీసుకుని బాట వైపు పెద్ద పెద్ద అంగలు వేశాడు. చేయి కూడా ఎత్తాడు. కార్లు మలుపు తిరిగిపోయాయి, ఎర్రదుమ్ము మిగిలింది. ఆయన వెనక్కొచ్చి, వాటిని నా చేతిలో పోశాడు.

“నువ్వు తినమ్మా” అన్నాడు. “నువ్వైతే రాసుకోవు.”

ఆయన ఎదురుగానే గట్టు మీద కూర్చుని ఒలిచాను. కొన్నిట్లో గింజ ఉంది, కొన్నిట్లో లేదు. ఉన్నవి నమిలాను. లేనివాటిని ఆయనకు కనబడకుండా పిడికిట్లో దాచుకుని, బాగున్నాయి నాయనా అన్నాను.